గోల్ఫ్ స్వింగ్‌లో తుంటి సరిగ్గా తిరగాలంటే

రేంజ్‌లో, అంటే ప్రాక్టీస్ మైదానంలో, బంతి కుడివైపుకి కొట్టుకుపోయిన ప్రతిసారీ పక్క మ్యాట్ నుంచి ఒకటే సలహా వస్తుంది: "నడుము తిప్పండి సార్." మన బ్యాగ్ మోసే కేడీ అయితే "కమర్ ఘుమావ్ సాబ్" అంటాడు. మంచి మనసుతో ఇచ్చే సలహాయే గానీ, ఆ మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. నడుమంటే మనకి వెన్ను కింది భాగం. అక్కడున్న 5 పూసలు ముందుకీ వెనక్కీ బాగానే వంగుతాయి. పక్కకి తిరగడం మాత్రం వాటికి చాలా తక్కువ, అన్నీ కలిసినా ఒక్కో వైపు 10–15 డిగ్రీలు దాటవు. స్వింగ్‌కి కావలసిన తిరుగుడు తుంటి కీళ్లలో ఉంది, అంటే తొడ ఎముక తల కటి ఎముక గిన్నెలో తిరిగే చోట. నడుముని బలవంతంగా తిప్పేవాళ్లకి దూరం రాదు, నడుంనొప్పి వస్తుంది.

తలుపుని ఊహించుకోండి. బందు గట్టిగా ఉంటేనే తలుపు తిరుగుతుంది. క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, వెనక్కి వెళ్లేటప్పుడు (బ్యాక్‌స్వింగ్) మీ బందు కుడి తుంటి. కిందికి వచ్చేటప్పుడు (డౌన్‌స్వింగ్) ఎడమ తుంటి. ఈ రెండింటి మధ్య, కన్నుమూసి తెరిచేంతలో, బందు కుడి నుంచి ఎడమకి మారాలి. అమెచ్యూర్లకి తుంటితో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు ఈ మార్పు జరగకనో, ఆలస్యంగా జరిగో వచ్చేవే. కింద రాసిన ప్రతి అడుగూ దీనికోసమే. కుడిచేతి వాటం లెక్కలో చెబుతున్నాం, ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి.

ముందు కొలుచుకోండి

తుంటి తిరగకపోవడం అలవాటు వల్లా, కీలు బిగుసుకుపోవడం వల్లా? ఇది తేలకుండా డ్రిల్స్ మొదలుపెడితే నెలలు వృథా అవుతాయి.

గట్టి చెక్క బల్ల అంచున కూర్చోండి, కాళ్లు కిందికి వేలాడాలి. గ్లాసు టేబుల్ మీద వద్దు. మోకాళ్ల మధ్య పిడికిలంత ఎడం ఉంచండి. ఎడమ తొడని చేత్తో కదలకుండా పట్టుకుని, ఎడమ పాదాన్ని మాత్రం బయటికి, ఎడమవైపుకి ఎత్తండి. పాదం బయటికి పోతోందంటే లోపల తొడ ఎముక లోపలివైపుకి తిరుగుతోందన్నమాట. ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ తెరిచి, ఫోన్ పొడుగు అంచుని మోకాలి కింద ముందు ఎముక వెంట ఆనించండి. కాలు నిటారుగా ఉన్నప్పటి అంకెకీ, పాదం వెళ్లగలిగినంత వెళ్లాక వచ్చే అంకెకీ తేడా రాసుకోండి. కుడి కాలికీ ఇలాగే చేయండి. పిరుదు బల్ల మీంచి లేస్తే ఆ కొలత లెక్కలోకి రాదు.

35–40 డిగ్రీలు వస్తే కీలు బాగుంది, పని అలవాటు మీదే. 25 కంటే తక్కువ వస్తే ఎంత డ్రిల్ చేసినా ఒళ్లు ఎక్కడో ఒకచోట దొంగదారి వెతుక్కుంటుంది. కుడి తుంటి బిగిసి ఉంటే బ్యాక్‌స్వింగ్‌లో పక్కకి ఊగుతారు. ఎడమది బిగిసి ఉంటే బంతి కొట్టే వేళకి లేచి నిలబడతారు, లేదా ఆ తిరుగుడంతా నడుము మీద పడుతుంది.

మనవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. "పీట మీద గంటసేపు బాసింపట్టు వేసుకుని కూర్చోగలను, నా తుంటికేం ఢోకా లేదు" అనుకుంటారు. బాసింపట్టులో తొడలు బయటికి తిరుగుతాయి. స్వింగ్‌లో బరువు మోసే తుంటికి కావలసింది లోపలి తిరుగుడు, అంటే సరిగ్గా దానికి ఎదురు. ఒకటి దండిగా ఉండి రెండోది అస్సలు లేనివాళ్లు చాలామంది ఉంటారు. అందుకే కొలత తప్పదు.

రెండో పరీక్ష గుమ్మం దగ్గర. గోల్ఫ్ ఆడేటప్పటిలా కొద్దిగా ముందుకి వంగి, గుమ్మానికి రెండు వైపులా చేతులు ఆనించి భుజాలు కదలకుండా పట్టుకోండి. ఇప్పుడు బెల్టు బకిల్‌ని కుడికీ ఎడమకీ తిప్పండి. బకిల్ తిరగాలి, పక్కకి జరగకూడదు. భుజాల్ని ఆపి తుంటిని మాత్రం తిప్పడం మొదట్లో చాలామందికి చేతకాదు. కంగారుపడనక్కర్లేదు, ఒంటికి ఇంకా ఆ కదలిక పరిచయం కాలేదంతే. రోజూ 20 సార్లు చేస్తే రెండు వారాల్లో పట్టుబడుతుంది.

కుర్చీలో బిగుసుకున్న తుంటికి

హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో రోజుకి 9 గంటలు కుర్చీలో కూర్చుని, ఆపైన ట్రాఫిక్‌లో ఇంకో గంట కారులో కూర్చునేవాళ్లకి తొడ ముందువైపు కండరాలు కురచబడతాయి, పిరుదుల కండరాలు పని మానేస్తాయి. స్వింగ్‌లో కటిని తిప్పి నిలబెట్టేవి ఆ పిరుదులే. ఉప్పల్ నుంచో కూకట్‌పల్లి నుంచో వచ్చి, కారు దిగి నేరుగా ఫస్ట్ టీ (ఆట మొదలయ్యే చోటు) ఎక్కేవాళ్లు మొదటి మూడు నాలుగు హోల్స్ చేతులతోనే ఆడేస్తారు. రోజూ 10 నిమిషాలు, ఆడే రోజు టీకి ముందు మరోసారి, ఈ నాలుగూ చేయండి.

మొదటిది: చాప మీద కూర్చుని కుడి కాలు ముందుకి, ఎడమ కాలు పక్కకి పెట్టండి. రెండు మోకాళ్లూ 90 డిగ్రీలు మడిచి ఉండాలి, ఎడమ పాదం వెనక్కి చూస్తుంటుంది. నిటారుగా కూర్చుని, ఎడమ మోకాలు నేలకి ఆని ఉండగానే ఎడమ పాదాన్ని అంగుళం పైకి లేపి 3 సెకన్లు ఆపండి. ఒక్కో వైపు 6 సార్లు. అంగుళం కూడా లేవకపోతే వెనక ఒక చెయ్యి ఆసరా పెట్టుకోండి. తొడ కండరం పట్టేసినట్టుంటే విప్పి, మళ్లీ చేయండి. నాలుగింట్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

రెండోది: ఒక మోకాలు తువ్వాలు మడత మీద ఆనించి, రెండో పాదం ముందుకి పెట్టి, వెనక కాలివైపు పిరుదు గట్టిగా బిగించి కటిని కొద్దిగా ముందుకి జరపండి. తొడ ముందు భాగం లాగాలి. నడుము విల్లులా వంచేస్తే లాగుడంతా మాయమవుతుంది, చాలామంది చేసే తప్పిదే. 30 సెకన్ల చొప్పున ఒక్కో వైపు 2 సార్లు.

మూడోది: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, మడమలు ఒత్తి పిరుదులు పైకి లేపండి. పైన 2 సెకన్లు ఆపి దించండి. 12 సార్లు, రెండు విడతలు. తొడ వెనక భాగం పట్టేస్తుంటే మడమల్ని ఇంకాస్త దగ్గరికి లాక్కోండి.

నాలుగోది నిలబడి చేసేది, అచ్చంగా స్వింగ్ కదలిక. క్లబ్‌ని కర్రలా ఆసరా పట్టుకుని ఎడమ కాలి మీద నిలబడండి. పాదం కదలకుండా, కటిని ఆ కాలి మీద ఎడమకీ కుడికీ తిప్పండి. 10 సార్లు, తర్వాత కుడి కాలు. పిరుదు లోతుల్లో పని జరుగుతున్నట్టు తెలుస్తుంది.

గజ్జల్లో పోటులాంటి నొప్పి వచ్చినా, నడుము నుంచి కాలికి పాకే నొప్పి ఉన్నా ఆపేసి ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి. తుంటి కీలులో ఎముక ఆకారమే అడ్డుపడే సందర్భాలుంటాయి, అక్కడ సాగదీత మేలు కంటే చేటు చేస్తుంది.

నిలబడే తీరు

వరి నాట్లు వేసే ఆడవాళ్లు వంగడం చూశారు కదా. వీపు పెద్దగా గుండ్రం కాదు, మడత తుంటి దగ్గరే పడుతుంది. అందుకే గంటలకొద్దీ వంగగలుగుతారు. మీరూ అలాగే వంగాలి, కాకపోతే చాలా తక్కువ.

క్లబ్ షాఫ్ట్‌ని (పొడుగాటి కాడని) గజ్జల మడతలో అడ్డంగా పెట్టుకుని లోపలికి నొక్కండి. పిరుదులు వెనక్కి వెళ్తాయి, ఛాతీ ముందుకి వంగుతుంది. ఆ తర్వాతే మోకాళ్లు కొంచెం సడలించండి. ముందే మోకాళ్లు వంచితే కుర్చీలో కూర్చున్న వాటం వస్తుంది, అలా కూర్చున్న తుంటి తిరగదు. బరువు పాదం మధ్యలో, బూటు లేసుల కింద ఉండాలి. వేళ్లు నేలని గట్టిగా పట్టుకుంటున్నాయంటే బరువు ముందుకి పోయిందని అర్థం.

ఐరన్లకి (మధ్య, చిన్న దూరాల క్లబ్బులకి) పాదాలు భుజాలంత వెడల్పు, డ్రైవర్‌కి (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్‌కి) అంతకంటే కొద్దిగా ఎక్కువ. మరీ వెడల్పుగా నిలబడితే స్థిరంగా ఉందనిపిస్తుంది గానీ, బందు కుడి నుంచి ఎడమకి మారడానికి దూరం పెరుగుతుంది.

పాదాల కోణం చాలామంది పట్టించుకోరు. ఎడమ పాదం వేళ్లని లక్ష్యం వైపు 20–30 డిగ్రీలు తిప్పి పెట్టండి. అలా పెడితే ఎడమ తుంటికి డౌన్‌స్వింగ్‌లో అంతమేర ఎక్కువ చోటు దొరుకుతుంది. అమెరికన్ గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ ఎడమ పాదాన్ని కొద్దిగా తిప్పి, కుడి పాదాన్ని నేరుగా పెట్టేవాడు. ఆయన ఒంటికి అది సరిపోయింది. కుడి తుంటి కొలత 25 లోపు వచ్చినవాళ్లు కుడి పాదాన్ని కూడా 10–15 డిగ్రీలు బయటికి తిప్పుకోవడమే మేలు. ఇంకా బిగుతుగా ఉంటే కుడి పాదాన్ని సగం బూటంత వెనక్కి లాక్కోండి. ఈ మార్పులకి చెమటా కాలమూ అక్కర్లేదు, ఈ రోజే ఫలితం కనిపిస్తుంది.

బ్యాక్‌స్వింగ్: కుడి బందు మీద

పైకి వెళ్లేసరికి భుజాలు సుమారు 90 డిగ్రీలు, తుంటి సుమారు 45 డిగ్రీలు తిరుగుతాయి. 45 రావాలంటే కుడి వెనక జేబు మీ వెనకున్న గోడ వైపు వెళ్లాలి. కుడివైపున్న మనిషి వైపు వెళ్లిందంటే ఊగుతున్నట్టే.

"కుడి మోకాలు బిగించి పెట్టు, తుంటిని ఆపి భుజాలు మాత్రం తిప్పు" అన్న సలహా ఇంకా చెలామణిలో ఉంది. ఇరవై ఏళ్ల ప్రొఫెషనల్‌కి అది పనిచేస్తుందేమో గానీ, నలభై దాటి, రోజంతా కూర్చుని పనిచేసే మనిషికి అది నడుం విరగ్గొట్టే సలహా. కుడి మోకాలు కొంచెం నిటారు కానివ్వండి, పూర్తిగా లాక్ చేయకండి. అది నిటారవుతుంటేనే కుడి తుంటి వెనక్కి, పైకి వెళ్తుంది. ఎడమ మోకాలు బంతి వైపు కదులుతుంది. ఎడమ మడమ అంగుళం లేచినా పర్వాలేదు. 18 మేజర్లు (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు) గెలిచిన జాక్ నిక్లాస్ మడమ లేపే ఆడాడు.

బెల్టు లూపుల్లోంచి ఒక అలైన్‌మెంట్ స్టిక్ (ప్రాక్టీస్‌లో వాడే పొడుగాటి సన్నని కర్ర) దూర్చి అద్దం ముందు తిరిగి చూడండి. స్టిక్ నేలకి సమాంతరంగా తిరగదు. బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ కొస కిందికి, బంతి వైపుకి వంగుతుంది. బంతి కొట్టే వేళకి ఎడమ కొస పైకి లేస్తుంది. ఈ వాలు లేకుండా చదునుగా తిరిగిందంటే మీరు తుంటి దగ్గర వంగి ఉన్న మడత విప్పేశారని గుర్తు.

బందు మారే క్షణం

స్వింగంతటికీ కీలకం ఇదే, ఓపిగ్గా చదవండి. డౌన్‌స్వింగ్ పట్టే సమయం పావు సెకను. ఆ పావు సెకనులో "ఇప్పుడు తుంటి తిప్పాలి" అని ఆలోచించే వీలే లేదు. అందుకని మార్పు డౌన్‌స్వింగ్ మొదలయ్యాక కాకుండా, బ్యాక్‌స్వింగ్ పూర్తి కాకముందే మొదలు కావాలి.

చెరువులోకి చిల్లపెంకు విసిరేటప్పుడు ఏం చేస్తారో గుర్తుచేసుకోండి. చెయ్యి ఇంకా వెనక్కి వెళ్తుండగానే ఎడమ కాలు ముందుకి పడుతుంది. కాలు నేలని తాకాక తుంటి తిరుగుతుంది, తర్వాత భుజం, ఆఖరున చెయ్యి. ఎవరూ నేర్పలేదు, అయినా వరస తప్పదు. గోల్ఫ్‌లో కూడా వరస ఇదే: కటి, ఛాతీ, చేతులు, క్లబ్.

ఒత్తిడి లెక్క ఇలా ఉంటుంది. ఎడమ చెయ్యి నేలకి సమాంతరంగా వచ్చేసరికి బరువులో ఎక్కువ భాగం కుడి పాదం లోపలి మడమ మీద ఉండాలి. క్లబ్ ఇంకా పైకి వెళ్తుండగానే ఎడమ పాదంతో నేలని నొక్కడం మొదలవుతుంది, బొద్దింకని తొక్కినట్టు. దాంతో కటి లక్ష్యం వైపు రెండు మూడు అంగుళాలు జరుగుతుంది. ఆ కాస్త జరుగుడుతో బందు ఎడమకి చేరింది. ఆ వెంటనే ఎడమ మోకాలు నిటారవుతూ, ఎడమ వెనక జేబు వెనక గోడ వైపు లాగుతుంది. తిరుగుడు అక్కడినుంచి దానంతటదే వస్తుంది.

దీన్ని ఒంటికి పట్టించే డ్రిల్:

1. సెవెన్ ఐరన్ తీసుకోండి, బంతి వద్దు. రెండు పాదాలూ కలిపి నిలబడండి.
2. మామూలు వేగంలో సగంతో బ్యాక్‌స్వింగ్ మొదలుపెట్టండి.
3. చేతులు ఛాతీ ఎత్తు దాటగానే, క్లబ్ ఇంకా పైకి వెళ్తుండగా, ఎడమ పాదాన్ని దాని మామూలు చోటులో వేయండి. పాదం నేలని తాకే చప్పుడు వినిపించాలి.
4. ఆ చప్పుడు తర్వాతే క్లబ్ కిందికి రావాలి. ఫాలో త్రూ దాకా వెళ్లండి.
5. కుడి బొటనవేలు మాత్రమే నేలకి తగులుతూ, బకిల్ లక్ష్యం వైపు చూస్తూ, 3 లెక్కపెట్టేదాకా నిలబడండి.

పది సార్లు ఖాళీగా, ఆపైన టీ (బంతిని నిలబెట్టే చిన్న మేకు) మీద బంతి పెట్టి అయిదు. క్లబ్ పైన ఆగిపోయి, ఆ తర్వాత అడుగు పడుతోందంటే ఫలితం లేదు. అడుగూ క్లబ్బూ ఒకే సమయంలో ఎదురెదురు దిశల్లో కదలాలి, ఆ సాగుడులోనే బలం ఉంది. బంతితో చేసే మొదటి రోజు సగం బంతులు టాప్ అవుతాయి (క్లబ్ బంతి నెత్తి మీద తగులుతుంది), అవనివ్వండి.

బంతిని తాకే క్షణానికి బకిల్ లక్ష్యం వైపు 35–45 డిగ్రీలు తెరుచుకుని ఉంటుంది, ఎడమ కాలు దాదాపు నిటారు, కుడి మడమ అప్పుడప్పుడే నేలని వదులుతుంటుంది. కుడి మడమ బాగా పైకి లేచి, కుడి మోకాలు బంతి వైపు పొడుచుకొచ్చిందంటే తర్వాతి భాగం మీకోసమే.

లేచి నిలబడిపోయే జబ్బు

అమెచ్యూర్లలో అన్నిటికంటే ఎక్కువ కనిపించే తప్పు ఇదే. కిందికి వస్తుండగా పిరుదులు ముందుకి, బంతి వైపుకి వచ్చేస్తాయి, ఛాతీ పైకి లేస్తుంది. ఇంగ్లిష్ కోచింగ్‌లో దీన్ని ఎర్లీ ఎక్స్‌టెన్షన్ అంటారు. చేతులు దిగాల్సిన చోటుని పొట్టా తొడలూ ఆక్రమించేస్తాయి. దారి లేక చేతులు బయటికి వెళ్తే క్లబ్ తలకీ షాఫ్ట్‌కీ మధ్యనున్న మెడకి బంతి తగిలి షాంక్ అవుతుంది. పైకి వెళ్తే థిన్, అంటే క్లబ్ కింది అంచు బంతి మధ్యలో తగులుతుంది. మణికట్టు తిప్పి సర్దుకుంటే ఎడమకి వంగే హుక్, సర్దుకోలేకపోతే కుడికి పుష్. ఒకే రౌండ్‌లో ఈ నాలుగూ పడుతున్నవాళ్లు గ్రిప్‌నీ క్లబ్‌నీ అనుమానించే ముందు పిరుదుల్ని చూసుకోవాలి.

ఎందుకొస్తుంది? ఎడమ తుంటి లోపలికి తిరగనప్పుడు వస్తుంది. నిలబడేటప్పుడే బరువు వేళ్ల మీద ఉంటే వస్తుంది. బంతిని గాల్లోకి లేపాలన్న ఆరాటంతో వస్తుంది. ఇంకొకటి తక్కువమందికి తెలుసు: క్లబ్ మరీ నిట్టనిలువుగా దిగుతుంటే నేలలో గుచ్చుకోకుండా ఒళ్లు తనంతట తానే పైకి లేస్తుంది. అలాంటివాళ్లు తుంటి మీద ఎంత పనిచేసినా ఫలితం సగమే, క్లబ్ దిగే దారిని కూడా కోచ్‌తో చూపించుకోవాలి.

మందు గోడే. డాబా మీద పిట్టగోడ తుంటి ఎత్తుకి వస్తే అదైనా సరే. గోడకి వీపు పెట్టి, మడమలు గోడకి జానెడు దూరంలో ఉంచి, పిరుదులు రెండూ గోడకి తేలిగ్గా తగిలేలా వంగండి. చేతులు ఛాతీ మీద మడుచుకోండి. బ్యాక్‌స్వింగ్‌లో కుడి పిరుదు గోడకి ఒత్తుకుంటుంది, ఎడమది వదులుతుంది. బందు మారే క్షణంలో రెండూ ఒక్కసారి గోడకి తగలాలి. ఈ ఒక్క తాకిడీ దొరికితే డ్రిల్ దొరికినట్టే. ఆ తర్వాత ఎడమ పిరుదు గోడ మీద రుద్దుకుంటూ తిరుగుతుంది, కుడిది వదిలేస్తుంది. ఎడమ పిరుదు గోడని ఎప్పటికీ తాకడం లేదంటే మీరు ముందుకి లేచిపోతున్నారు.

రోజుకి 10 సార్లు, మూడు విడతలు. నెమ్మదిగా, ఒక్కో స్వింగ్‌కి 5 సెకన్లు తీసుకోండి. వేగంగా చేస్తే పాత అలవాటే గోడ ముందు కూడా వచ్చేస్తుంది. పాదాలకి నేల తెలియాలి కాబట్టి చెప్పులు విప్పి చేయండి. రేంజ్‌లో గోడ బదులు గోల్ఫ్ బ్యాగ్‌ని స్టాండ్ మీద నిలబెట్టి పిరుదులకి తగిలించుకోవచ్చు.

మిగతా మూడు తప్పులు

పక్కకి ఊగడం: బ్యాక్‌స్వింగ్‌లో తుంటి కుడి పాదం అవతలికి పోతుంది, బరువు కుడి పాదం బయటి అంచు మీద పడుతుంది. కుడి పాదం బయటి అంచు కింద గోల్ఫ్ బంతి పెట్టి స్వింగ్ చేస్తే ఆ దారి మూసుకుంటుంది.

ముందుకి జారడం: ఎడమ తుంటి ఎడమ పాదం దాటి పోతుంది, తల వెనక మిగిలిపోతుంది. బంతికి ముందే నేల తగులుతుంది. క్రికెట్ నుంచి వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ. ఫ్రంట్ ఫుట్ వేసి డ్రైవ్ కొట్టిన ఒళ్లు బంతి మీదకి వెళ్లాలనే చూస్తుంది, గోల్ఫ్ బంతి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎడమ పాదం బయట నేలలో స్టిక్ నిలబెట్టండి, తుంటికి రెండు మూడు అంగుళాల చోటు వదలండి. తుంటి స్టిక్‌ని తాకీ తాకగానే వెనక్కి తిరగాలి, దాన్ని వంచకూడదు.

తొందరపడి తిరగడం: బందు మారకముందే, బరువు కుడి కాలి మీద ఉండగానే తుంటి గిర్రున తిరుగుతుంది. భుజాలు వెంటే వచ్చి, క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకుంటూ దిగి కుడికి వంగే స్లైస్ పడుతుంది. "ఇంకా వేగంగా తిప్పు" అని చెప్పేకొద్దీ ముదిరే తప్పిది. మందు పైన చెప్పిన అడుగు డ్రిల్ ఒక్కటే.

ఫోన్ సాక్ష్యం, వారాల లెక్క

మీకు అనిపించేది వేరు, ఒళ్లు చేసేది వేరు. వారానికోసారి స్లో మోషన్‌లో, వీలైతే సెకనుకి 240 ఫ్రేములతో, రెండు వైపులా తీసుకోండి. బంతి వెనకనుంచి, అంటే మీ కుడివైపు నుంచి లక్ష్యం వైపు చూస్తూ తీసేటప్పుడు ఫోన్ చేతుల ఎత్తులో, చేతుల సూటిలో, మూడు మీటర్ల దూరంలో ఉండాలి. ఫోన్ కొద్దిగా పక్కకి జరిగినా బొమ్మ అబద్ధం చెబుతుంది. బంతి దగ్గర నిలబడ్డప్పటి పిరుదుల అంచుకి నిలువు గీత గీయండి, బంతిని తాకే ఫ్రేమ్‌లో కూడా పిరుదు ఆ గీతని తాకుతూనే ఉండాలి. ఎదురుగా తీసేది బెల్టు ఎత్తులో. తుంటికి రెండు వైపులా గీతలు గీయండి: వెనక్కి వెళ్లేటప్పుడు కుడి గీత దాటకూడదు, కిందికి వచ్చేటప్పుడు ఎడమ గీతని కొద్దిగా దాటితే మంచిదే.

మొదటి రెండు వారాలు బంతి ముట్టకండి: పది నిమిషాల సాగదీత, గోడ డ్రిల్, బంతి లేకుండా అడుగు డ్రిల్. మూడు, నాలుగు వారాల్లో సెవెన్ ఐరన్‌తో సగం స్వింగ్‌లు, ఒక్కో బంతికి ముందు రెండు ఖాళీ స్వింగ్‌లు, రోజుకి 40 బంతులు మించకుండా. అయిదో వారం నుంచి పూర్తి స్వింగ్, డ్రైవర్ అన్నిటికంటే ఆఖరున. డ్రైవర్ చేతికి రాగానే దూరం మీద ఆశ పుట్టి పాత స్వింగ్ తిరిగొస్తుంది.

రేంజ్ మ్యాట్ విషయంలో జాగ్రత్త. బంతికి ముందే క్లబ్ మ్యాట్‌కి తగిలినా జారిపోయి బంతి బాగానే లేస్తుంది, తప్పు కప్పబడిపోతుంది. బంతి వెనక నాలుగు అంగుళాల దూరంలో తువ్వాలు మడిచి పెట్టండి. క్లబ్ తువ్వాలుని లాగిందంటే బందు ఎడమకి చేరలేదని అప్పటికప్పుడే తెలుస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండకి ముందే, పొద్దున్న ఏడున్నరలోపు ప్రాక్టీస్ ముగించండి. అలిసిన కాళ్లు తుంటిని తిప్పడం మానేసి చేతులకి పని అప్పగిస్తాయి, ఆ తర్వాత కొట్టే ప్రతి బంతీ పాత అలవాటునే గట్టిపరుస్తుంది. డిసెంబరు, జనవరి చలి పొద్దుల్లో సాగదీతకి మరో అయిదు నిమిషాలు కలపండి.

కోర్సు మీద

గోల్కొండ నయా ఖిలాలో గానీ, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో గానీ నేల చదునుగా ఉన్న మ్యాట్‌లా ఉండదు, రాతి గుట్టల నేల. దిగుడు వాలు మీద బరువు ముందునుంచే ఎడమ కాలి మీద ఉంచి, అక్కడే తిరగండి. కుడికి బరువు మార్చే ప్రయత్నం వద్దు. ఎగుడు వాలు మీద బరువు కుడి కాలికి వేలాడుతుంది, అక్కడ బందు ఎడమకి చేరడం కష్టం కాబట్టి ఒక మెట్టు ఎక్కువ దూరం వెళ్లే క్లబ్ తీసుకుని నెమ్మదిగా ఆడండి. బంతి పాదాల కంటే కింద ఉంటే తుంటి దగ్గర మడత ఇంకాస్త పెంచి, పూర్తి చేసేదాకా అది విప్పకండి. అలాంటి చోట లేచి నిలబడితే బంతి నెత్తి మీద కొడతారు.

కోర్సు మీద తలలో ఒక్క మాటే ఉంచుకోండి: "ఎడమ పాదం ముందు నొక్కు", లేదా "ఎడమ జేబు వెనక్కి". ఆ రోజు ఏది పనిచేస్తే అది, రెండూ ఒకేసారి వద్దు.

వానాకాలంలో బయల్దేరే ముందు బూట్లు తిరగేసి స్పైకులు చూడండి. అరిగిన స్పైకుతో తడి గడ్డి మీద ఎడమ పాదం ఒక్కసారి జారితే చాలు, ఆ రౌండంతా ఒళ్లు ఆ పాదాన్ని నమ్మదు, తుంటి సగంలోనే ఆగిపోతుంది. స్పైకులు విప్పే తాళం బ్యాగ్‌లోనే ఉంచుకుని, ఎడమ బూటు ముందుభాగంలోవి ముందుగా మార్చండి.